పిల్లలనే అడుగుదాం



మన పిల్లల గురించి మన దగ్గర చాలా లెక్కలుంటాయి. పుట్టినప్పుడు ఎంత బరువున్నారో తెలుసు. ఏ టీకా ఎప్పుడు వేయించామో కార్డులో రాసి ఉంటుంది. యూనిట్ టెస్టులో లెక్కలకు ఎన్ని మార్కులు వచ్చాయో తెలుసు. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున పక్కింటి పిల్లవాడికి ఎంత శాతం వచ్చిందో కూడా తెలిసిపోతుంది. ఇన్ని తెలిసినా, వాళ్ళ బతుకు వాళ్ళకు ఎలా అనిపిస్తోందో మనకు తెలియదు. అది ఏ కార్డులోనూ ఉండదు. దాన్ని చెప్పగలిగేది ఆ పిల్లలే. అడిగితే చెబుతారు. అడగడానికి ఒక పద్ధతి ఉంది. దాని వెనుక దశాబ్దాల పరిశోధన ఉంది. ఆ పద్ధతి మన అండమాన్ నికోబార్ దీవులకూ, మన తెలుగు పిల్లల దగ్గరికీ రావాలని నా కోరిక.

సుఖసంతోషాలు కొలతకు అందుతాయా అని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. ఈ పరిశోధన మొదలైందే ఆ అనుమానంతో. 1965లో హ్యాడ్లీ కాంట్రిల్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక నిచ్చెన బొమ్మను ప్రశ్నగా వాడారు. పై మెట్టు మీకు దక్కగలిగిన అతి మంచి జీవితం, కింది మెట్టు అతి చెడ్డ జీవితం. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారు? ఇంతే ప్రశ్న. మంచి జీవితం అంటే ఏమిటో అడిగేవాడు చెప్పడు, జవాబిచ్చేవారే తమ మనసులో నిర్ణయించుకుంటారు. ఆ తరువాత 1984లో ఎడ్ డీనర్ అనే పరిశోధకుడు ఈ విషయం మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనను ఒకచోట చేర్చి పెద్ద వ్యాసం రాశారు. మనిషి తన బతుకు తనకెలా ఉందని భావిస్తున్నాడో అందులో మూడు పాయలు ఉంటాయని అప్పటినుంచి లెక్క. మొత్తం మీద జీవితం పట్ల తృప్తి ఒకటి. సంతోషం, ఉత్సాహం లాంటివి ఎంత తరచుగా కలుగుతున్నాయన్నది రెండోది. దిగులు, భయం, కోపం ఎంత తరచుగా కలుగుతున్నాయన్నది మూడోది. ఈ మూడూ కలిసి నడవాలని లేదు. రోజూ నవ్వుతూ తిరిగే పిల్లవాడు తన జీవితం బాగాలేదని అనుకోవచ్చు. దిగులుగా కనిపించే పిల్ల, మొత్తం మీద నా బతుకు బాగానే ఉంది అని చెప్పవచ్చు.

ఇదంతా మొదట పెద్దవాళ్ళ గురించే సాగింది. పిల్లలకు ఇంత ఆలోచన ఎక్కడుంటుందని, వాళ్ళ సంగతి తల్లినో టీచరునో అడిగితే చాలునని అనుకునేవారు. 1991లో స్కాట్ హ్యూబ్నర్ అనే పరిశోధకుడు బడిపిల్లల కోసం ఏడు చిన్న వాక్యాలతో ఒక ప్రశ్నపత్రం తయారుచేశారు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు వాటికి నిలకడగా జవాబు చెప్పగలరని తేలింది. 1994లో ఆయనే దాన్ని పెంచి కుటుంబం, స్నేహితులు, బడి, నివసించే చోటు, తనపై తనకున్న అభిప్రాయం అని ఐదు భాగాలు చేశారు. ఇంట్లో హాయిగా ఉండి బడిలో నలిగిపోయే పిల్లలూ ఉంటారు, బడిలో వెలిగిపోతూ ఇంటికి వెళ్ళాలంటే భయపడే పిల్లలూ ఉంటారు. ఒక్క ప్రశ్నతో ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఐదు భాగాలు చేసి అడిగితే వేరుగా కనిపిస్తారు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పుకోవాలి. ఎక్కడ అడిగినా ఎక్కువమంది పిల్లలు మంచి అంకెలే చెబుతారు. పదికి ఏడు, ఎనిమిది, తొమ్మిది. మనిషి శరీరం తన వేడిని ఒకే స్థాయిలో నిలుపుకున్నట్టు మనసు కూడా తన తృప్తిని ఒక ఎత్తులో నిలుపుకుంటుందని ఆస్ట్రేలియా పరిశోధకుడు రాబర్ట్ కమిన్స్ అన్నారు. కష్టాలు వచ్చినా చాలావరకు తట్టుకుని మళ్ళీ అక్కడికే చేరుతుంది. అందువల్ల ఒక బడి సగటు ఎనిమిది వచ్చిందని సంబరపడితే లాభం లేదు. నలభై మంది ఉన్న తరగతిలో మూడు అని రాసిన ఇద్దరు ఎవరో, వాళ్ళలో ఆ నిలుపుకునే శక్తి ఎందుకు తెగిపోయిందో చూడాలి. ఈ పరిశోధన అంతటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

ఇక మన తెలుగువాళ్ళ సంగతికి వద్దాం. పిల్లల జీవితాలను ఏళ్ళ తరబడి వెంబడించిన పెద్ద అధ్యయనాల్లో ఒకటి మన తెలుగు నేల మీదే జరిగింది, ఇంకా జరుగుతోంది. దాని పేరు యంగ్ లైవ్స్. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి నడిచే ఈ పని 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. నాలుగు దేశాల్లో కలిపి 12,000 మంది పిల్లలు, మన దగ్గర 3,000 మంది. వీళ్ళలో రెండు వేల మంది అప్పటికి ఏడాది వయసు పసివాళ్ళు, వెయ్యిమంది ఎనిమిదేళ్ళవాళ్ళు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, మహబూబ్‌నగర్, కరీంనగర్, హైదరాబాదు జిల్లాల నుంచి వాళ్ళను ఎంచుకున్నారు. హైదరాబాదులోని సెంటర్ ఫర్ ఎకనమిక్ అండ్ సోషల్ స్టడీస్ ఇందులో భాగస్వామి. పిల్లలతో కూర్చుని మాట్లాడే పనికి తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం నుంచి ఉమా వెన్నం గారి బృందం పూనుకుంది.

శ్రీకాకుళం పేరు వినగానే మనలో చాలామందికి సొంత ఊరు గుర్తొచ్చి ఉంటుంది. ఇక్కడి జంగ్లీఘాట్‌లో చేపల వేట మీద బతికే కుటుంబాల్లో చాలావాటి మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లోనే ఉన్నాయి. మీ చిన్నాన్న పిల్లల వయసువాళ్ళు, మీ మేనత్త పిల్లల వయసువాళ్ళు ఇరవై ఏళ్ళుగా ఈ అధ్యయనం వాళ్ళ ప్రశ్నలకు జవాబులు చెబుతూ పెరిగి పెద్దవాళ్ళయ్యారు.

వాళ్ళను ఏమడిగారు? పన్నెండేళ్ళు వచ్చేసరికి తొమ్మిది మెట్ల నిచ్చెన చూపించి నువ్వు ఎక్కడున్నావని అడిగారు. ఆ ప్రశ్నతో ఆగలేదు. నీ స్నేహితులకు మీ ఇల్లు చూపించడానికి గర్వంగా ఉంటుందా, నీ బట్టలు చూసి నీకు సిగ్గేస్తుందా, సరైన పుస్తకాలూ పెన్సిళ్ళూ లేవని చిన్నతనంగా ఉంటుందా, సరైన యూనిఫాం లేదని దిగులుపడతావా అని అడిగారు. ఈ ప్రశ్నలు వింటుంటే నా మనసు కలుక్కుమంటుంది. పేదరికాన్ని మనం ఆదాయంలో కొలుస్తాం, రేషన్ కార్డు రంగులో కొలుస్తాం. పన్నెండేళ్ళ పిల్లకు అది చిరుగు కనిపించకుండా బ్యాగును ఒంటికి ఆనించి పట్టుకుని నడవడంలో ఉంటుంది. ఈ జవాబులను పరిశీలించిన స్టీఫన్ డెర్కాన్, ప్రమీలా కృష్ణన్ 2009లో ఒక పత్రం ప్రచురించారు. ఇంటి ఆర్థిక స్థితికీ, పిల్లలకు తమ మీద ఉండే గౌరవానికీ, నా బతుకును నేను మార్చుకోగలను అనే నమ్మకానికీ, నలుగురిలో నేనూ ఒకణ్ణి అనే భావానికీ సంబంధం ఉందని నాలుగు దేశాల్లోనూ కనిపించింది. లేమి పళ్ళెంలోంచి మనసులోకి పాకుతుందన్నమాట, అదీ పన్నెండేళ్ళకే.

మరో పద్ధతిలో పిల్లలకు కాగితాలూ రంగులూ ఇచ్చారు. మీ ఊళ్ళో మీ వయసు పిల్లల్లో హాయిగా బతుకుతున్న ఒకరి బొమ్మ వేయండి, కష్టంగా బతుకుతున్న ఒకరి బొమ్మ వేయండి అన్నారు. తరువాత ఆ బొమ్మల చుట్టూ మాట్లాడుకోమన్నారు. తన గురించి చెప్పమంటే నోరు విప్పని పిల్ల, బొమ్మలో ఉన్న పిల్ల గురించి అయితే గంటసేపు చెబుతుంది. టీచర్లెవరైనా వింటుంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. దీనికి కావలసింది రెండు తెల్లకాగితాలు, వినే ఓపిక.

బడి గురించి ఆ పిల్లలు చెప్పింది కూడా వినాలి. గడచిన వారంలో బడిలో టీచరు ఎవరినైనా కొట్టడం చూశారా అని ఎనిమిదేళ్ళ పిల్లలను అడిగితే మన తెలుగు జిల్లాల్లో అత్యధికులు చూశామన్నారు. బడి ఎందుకు నచ్చదు అంటే అన్నిటికన్నా ముందు చెప్పిన కారణం హింసే, టీచర్ల దెబ్బలూ తిట్లూ, తోటిపిల్లలు పెట్టే బాధలూ. విద్యాహక్కు చట్టం 2009లోనే 17వ సెక్షను కింద బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. చట్టం అమలవుతోందా లేదా అని అధికారిని అడిగితే ఒక జవాబు వస్తుంది, పిల్లవాణ్ణి అడిగితే ఇంకో జవాబు వస్తుంది. నేను రెండో జవాబునే నమ్ముతాను.

ప్రపంచం మొత్తం మీద చూస్తే చిల్డ్రన్స్ వరల్డ్స్ అనే సర్వే ఒకటుంది. ఎనిమిది, పది, పన్నెండేళ్ళ పిల్లలను వాళ్ళ ఇల్లు, వస్తువులు, స్నేహితులు, బడి, వీధి, రోజులో గడిపే సమయం, హక్కుల గురించి అడుగుతారు. మూడో విడతలో భారతదేశంతో సహా 35 దేశాల్లో 1,28,000 మందికి పైగా పిల్లలు పాల్గొన్నారు. దేశం ధనికమైతే పిల్లలు సుఖంగా ఉంటారన్న నమ్మకం ఇక్కడ నిలబడలేదు. పరీక్షల్లో ప్రపంచానికే ముందుండే దక్షిణ కొరియా పిల్లలు తమ జీవితానికి ఇచ్చుకున్న మార్కులు రెండో విడతలో అట్టడుగు వరుసలో ఉన్నాయి. అంతకన్నా ఎంతో పేద దేశమైన రుమేనియా పిల్లలు పై వరుసలో ఉన్నారు. అయితే ఒక దేశం పిల్లలు మొహమాటంతో తక్కువ చెప్పవచ్చు, మరో దేశం పిల్లలు ధారాళంగా ఎక్కువ చెప్పవచ్చు. కాబట్టి దేశాల వరుసల మీద నాకు పెద్ద గురి లేదు. ప్రతి దేశం లోపలా మళ్ళీమళ్ళీ తేలేవి గట్టివి. ఇంట్లో భయం లేకుండా ఉండగలగడం, ఇంట్లోవాళ్ళు తన మాట వింటారన్న నమ్మకం, తోటిపిల్లల వేధింపు లేకపోవడం. ఇంట్లో ఎంతమంది ఉన్నారు, అమ్మానాన్నలు ఇద్దరూ ఉన్నారా అన్నదానికన్నా ఆ ఇంట్లో మనుషులు ఒకరితో ఒకరు ఎలా ఉంటారన్నదే పిల్లలకు ముఖ్యమని బ్రిటన్‌లో జరిగిన అధ్యయనాల్లోనూ తేలింది. పదేళ్ళ నుంచి పదహారేళ్ళ దాకా తృప్తి మెట్టుమెట్టుగా దిగుతుందని కూడా చాలా దేశాల్లో చూశారు.

మన దేశంలో ఎన్‌సీఈఆర్‌టీ 2022 జనవరి నుంచి మార్చి దాకా ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లలను అడిగింది. అన్ని రాష్ట్రాలూ, కేంద్రపాలిత ప్రాంతాలూ కలిపి 3,79,842 మంది. అందులోనూ పై తరగతులకు వెళ్ళేకొద్దీ తృప్తి తగ్గింది. చదువు, పరీక్షలు, ఫలితాలే ఆందోళనకు కారణమని 81 శాతం మంది చెప్పారు.

ఇప్పుడు మన దీవులు. 2004 డిసెంబర్ 26 ఉదయం వచ్చిన సునామీ ఇక్కడి పెద్దవాళ్ళెవరికీ మరపురాదు. అధికారిక లెక్కల్లోనే మన దీవుల్లో మూడున్నర వేల మంది చనిపోయారు, గల్లంతయ్యారు. ఆ తరువాతి వారాల్లో బెంగళూరు నిమ్హాన్స్ నుంచి మానసిక వైద్యులు వచ్చి సహాయ శిబిరాల్లో పనిచేశారు. వాళ్ళు ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇల్లూ ఊరూ వదిలి శిబిరాలకు చేరినవారిలో 5.2 శాతానికి, ఉన్నచోటే ఉన్నవారిలో 2.8 శాతానికి మానసిక అనారోగ్యం కనిపించింది. పిల్లల మీద, కౌమారంలో ఉన్నవాళ్ళ మీద విడిగా ఒక పత్రం 2008లో వెలువడింది. ఇంత పెద్ద ఉత్పాతం తరువాత అనారోగ్యం ఇంత తక్కువగా ఉండటానికి ఆ వైద్యులు చూపిన కారణాలు మందులు కావు. కట్టుగా ఉన్న సమాజం, కుటుంబ వ్యవస్థ, ఒకరికొకరి ఆసరా, ఊరి పెద్దల నిస్వార్థం, దైవభక్తి.

ఆ మాట మన గుండెకు ధైర్యమిస్తుంది, నిజమే. దాని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడాలి. నికోబారీలకు తుహెత్ అనే పెద్ద ఉమ్మడి కుటుంబం ఉంది. తోటలూ, పందులూ, వంటా, పిల్లల పెంపకమూ అందులోనే. సునామీ తరువాత పరిహారం, ఇళ్ళు చిన్న కుటుంబాల లెక్కన ఇవ్వడంతో తుహెత్ దెబ్బతిన్నదని, నికోబార్‌లో చాలాకాలం పనిచేసిన పరిశోధకుడు సిమ్రన్ జిత్ సింగ్ రాశారు. ఏ బలం పిల్లలను కాచిందో ఆ బలమే సహాయం పేరుతో సడలింది. ఇల్లు కావాలా అని పెద్దలను అడిగి ఉంటారు. ఎవరితో కలిసి ఉండాలని ఉంది అని పదేళ్ళ పిల్లవాణ్ణి అడిగి ఉంటే ఆ ఇళ్ళ వరుసలు వేరేలా ఉండేవేమో.

పైగా అనారోగ్యం లేకపోవడం వేరు, హాయిగా ఉండటం వేరు. వందలో ఐదుగురికి జబ్బు ఉందంటే మిగతా 95 మంది బాగున్నారని ఎవరూ చెప్పలేదు. వాళ్ళను ఆ ప్రశ్న అడగనేలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం 3,80,581 మంది ఉన్న ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. మన పిల్లల రోజు మెయిన్‌లాండ్ పిల్లల రోజులా ఉండదు. నాన్న డింగీ మీద వేటకెళితే ఎప్పుడొస్తాడో గాలినీ ఐసునూ బట్టి ఉంటుంది. వాన జోరు పెరిగి పడవలు నిలిచిపోతే ఇంట్లో మాటల తీరు మారిపోతుంది. పిల్లలకు అది ముందు తెలుస్తుంది. అమ్మ తెల్లవారకముందే చేపల గంప సర్దుకుంటుంది. తమ్ముణ్ణి లేపి బడికి పంపే పని అక్కది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, తరగతిలో ఇంగ్లీషు. శీతాకాలంలో సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. బడి అయ్యాక ట్యూషన్‌కు పంపితే ఆ పిల్లకు పగటి వెలుగులో ఆడుకునే సమయం ఇక లేదు. చిల్డ్రన్స్ వరల్డ్స్ వాళ్ళు ఆరుబయట ఎంతసేపు ఆడుకుంటావని ప్రత్యేకంగా అడుగుతారు. సూర్యుడు ఇంత తొందరగా పోయే ఊళ్ళో ఆ ప్రశ్నకు బరువు ఎక్కువ.

పన్నెండో తరగతి అయ్యాక ఇంకో ప్రశ్న వచ్చి పడుతుంది. ఇక్కడి కాలేజీలో చేరాలా, మెయిన్‌లాండ్ వెళ్ళాలా? మూడు రోజుల షిప్ ప్రయాణం అవతల, తల్లిదండ్రులు పుట్టిన ఊరు అయి ఉండి తనకు మాత్రం కొత్త అయిన విశాఖపట్నంలో, తన తెలుగు విని ఎక్కడి నుంచి వచ్చావని అడిగే తోటివాళ్ళ మధ్య పదిహేడేళ్ళ పిల్ల ఎలా ఉంటుందో ఆలోచించండి. కొందరు రెక్కలు వచ్చినట్టు ఎదుగుతారు, కొందరు ముడుచుకుపోతారు. ఎవరు ఎటువైపో ముందే తెలుసుకోవాలంటే పదిహేనేళ్ళప్పుడే అడగాలి, వెళ్ళాక మళ్ళీ అడగాలి. అందుకే ఒక్కసారి చేసే సర్వే చాలదు. శ్రీకాకుళంలో చేసినట్టు అదే పిల్లలను ఏళ్ళ తరబడి పలకరించే అధ్యయనం హాడో నుంచి క్యాంప్‌బెల్ బే దాకా మన దీవుల్లో జరగాలి. ఇక్కడ వైద్య కళాశాల ఉంది, డిగ్రీ కళాశాలలు ఉన్నాయి, అన్ని భాషల టీచర్లూ ఉన్నారు. చేయగలం.

అడిగేటప్పుడు పాటించాల్సినవి ఉన్నాయి. పిల్లలు ఏ భాషలో కలలు కంటారో ఆ భాషలో అడగాలి. తెలుగు పిల్లకు తెలుగులో, బెంగాలీ పిల్లకు బెంగాలీలో. అమ్మానాన్నల ముందు అడగకూడదు, క్లాసు టీచరే కాగితాలు పోగుచేయకూడదు. కాగితం మీద పేరు రాయించకూడదు, అధ్యయనం చేసేవారికి మాత్రమే తెలిసే ఒక గుర్తు చాలు. నాకు చెప్పాలని లేదు అంటే అక్కడితో ఆపాలి. ఏ పిల్ల అయినా ఇంట్లోనో బడిలోనో తనకు కీడు జరుగుతోందని చెబితే వెంటనే ఆదుకునే మనిషి అదే రోజున అదే చోట ఉండాలి. ఆ ఏర్పాటు లేకపోతే అడగకపోవడమే మంచిది. వచ్చిన జవాబులతో ఈ బడి ఫస్ట్, ఆ బడి లాస్ట్ అని పట్టికలు వేస్తే మరుసటి ఏడాది పిల్లలందరిచేతా పదికి పది రాయిస్తారు, మొత్తం పాడవుతుంది. ఇంకొకటి, జారవా, ఒంగే ఆదివాసీ పిల్లల దగ్గరికి మన కాగితాలు పట్టుకుని వెళ్ళే పని పెట్టుకోవద్దు. 1956 నాటి రక్షణ నిబంధనలు వాళ్ళకు మన నుంచే రక్షణ ఇస్తున్నాయి.

పిల్లలకు తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు ఉందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం చెబుతోంది. భారతదేశం 1992లో దానికి కట్టుబడింది. కాబట్టి పిల్లలను అడగడం మనం వాళ్ళకు చేసే దయ కాదు.

పెద్ద అధ్యయనం వచ్చేలోపు బడి కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులు వచ్చే సమావేశంలో ఒక మాట పెట్టండి. ఏడాదికి రెండుసార్లు, పరీక్షలు లేని వారంలో, పేర్లు లేని కాగితం మీద నిచ్చెన ప్రశ్నా, ఇల్లు, బడి, స్నేహితులు, ఆట సమయం గురించి నాలుగు ప్రశ్నలూ. కాగితాలు చూసేది బయటి నుంచి వచ్చిన కౌన్సెలరు. ఆ తరగతి పిల్లలు మార్చమన్నది ఒక్కటైనా ఆ ఏడాదిలోనే మార్చి, మీరు అడిగారు కాబట్టి మార్చాం అని వాళ్ళకు చెప్పాలి. మరుగుదొడ్డి తలుపు గడియ కావచ్చు, ట్యూషన్ వేళ కావచ్చు.

వింటున్న పిల్లలకు రెండు నంబర్లు. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్, 14416. పగలూ రాత్రీ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరైనా మిమ్మల్ని కొడుతున్నా, భయపెడుతున్నా, ఇబ్బంది పెడుతున్నా చైల్డ్ హెల్ప్‌లైన్, 1098. మళ్ళీ చెబుతున్నాను, రాసుకోండి. 14416. 1098.